రొయ్యల గట్టు మీద డెబోరా

ఇట్లా నా పక్కకు జరుగు తల్లీ, అల్లూరు డెబోరా పరుగు సంగతి చెబుతాను. ఆదివారం నెల్లూరులో పది కిలోమీటర్ల పందెం. ఆమె ప్రాణమంతా దాని మీదే. కానీ రొయ్యల గుంట వదిలి కదిలే వీలేదీ? కరెంటు పోయిందంటే నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోతాయి; నిమిషాల్లో జనరేటర్ వేయాలి, లేకుంటే రొయ్యలకు ఊపిరాడదు. అందుకే మూడు నెలలుగా గుంట గట్టు మీదే, రోజూ ముప్పై చుట్లు, ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ పరుగెత్తింది.

గురువారం మొగుడు టైటస్‌ను కాసేపు కాపలా పెట్టి మొదటిసారి తారురోడ్డెక్కింది. రోడ్డు తిన్నగా ఉంది గానీ, కాళ్లు ఎడమకు లాగి ఆమెను వరిమడిలో దించేశాయి.

బురదతో వచ్చిన పెళ్లాన్ని చూసి టైటస్ పగలబడి నవ్వాడు. "ఏంది మే, గానుగెద్దు మాదిరి అయిపోయినావే!"

"నవ్వబాక. నన్ను ఈడ కట్టేసింది ఎవురు? పందెం దాకా పొద్దున పూట గుంట నువ్వే చూసుకో."

"కరెంటు పోతే?"

"అప్పుడు నువ్వు పరిగెత్తు."

శుక్రవారం తెల్లవారి మళ్లీ రోడ్డెక్కింది. కాళ్లు ముందుకు పోతున్నా, చెవులు గుంటలోని ఏరేటర్ల చప్పుడు దగ్గరే ఉన్నాయి. కొంతదూరం పోయాక ఆ చప్పుడు వినబడలేదు. కరెంటే పోయిందో, తానే దూరమొచ్చిందో తెలియలేదు. అయినా వెనక్కి తిరగలేదు.

ఈ మాట మరిచిపోకు తల్లీ. గడప దాటలేని పిల్ల ఎవరైనా కనబడితే కూర్చోబెట్టి చెప్పు.