నలభై ఒక్క మూతలు

పదింటికి బల్ల మీద కొత్త నగర ప్లాను పరిచేసరికి, బడి వెనకాల ఉండాల్సిన మురుగు కాలువ మాయమైంది.

స్కేలు మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. లేదు. ముప్పై రెండేళ్లుగా ఆ మునిసిపల్ ఆఫీసులో పటాలు గీస్తున్న మనిషి. ఏ గీతకైనా సిరా పెట్టే ముందు ఆ దారంతా ఓసారి నడిచి రావడం ఆయన అలవాటు. అందుకే ఏడాదికి మూడు జతల చెప్పులు, ప్రమోషన్లు సున్నా. ఆ కాలువను పోయిన నెలే నీలం సిరాతో గీశారు.

షీటు మీద వేలు నడిపించారు. నున్నగా ఉంది. సిరాను బ్లేడుతో గీకితే ఎవరికైనా మచ్చ మిగులుతుంది. మచ్చ పడకుండా గీకగలిగేది ఇద్దరే. ఒకరు తను. రెండోవాడు తన దగ్గరే పని నేర్చి, ఇప్పుడు అద్దాల గదిలో ప్లానింగ్ ఆఫీసరుగా కూర్చున్నవాడు.

ఒళ్లు మండి, ఆయన షీటు పట్టుకుని ఆ అద్దాల గదిలోకి వెళ్లారు.

"అక్కడ కాలువేం లేదు మాస్టారూ," ఆఫీసరు తలెత్తలేదు. "ఎండిన గుంట. ఐదింటికి కమిటీ వస్తుంది. సంతకం పెట్టేయండి."

"పటంలో లేని కాలువని ఎవడు శుభ్రం చేస్తాడు? తొలి వానకే బడి మునుగుతుంది. లోపల పిల్లలుంటారయ్యా!"

"నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు. ఎందుకీ తలనొప్పి? ఇష్టం లేకపోతే సెలవు పెట్టి వెళ్లండి."

మధ్యాహ్నం మాస్టారు బడి వెనక్కి నడిచారు. తెరిచిన మ్యాన్‌హోల్ మూత కింద కాలువ మేస్త్రీ నడుం లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు.

"మళ్లీ లెక్కకొచ్చారా? నలభై ఒకటే మాస్టారూ. మూతలేమన్నా పిల్లల్ని పెడతాయా?"

"నువ్వు నిలబడ్డచోట కాలువ లేదట."

మేస్త్రీ తనని తాను వాసన చూసుకున్నాడు. "అయితే ఈ కంపంతా నాదేనంటారా?"

మాస్టారు నవ్వలేదు. "ఐదింటికి ఆఫీసుకు రా. బట్టలు మార్చుకోకు."

తిరిగొచ్చి నీలం గీత మళ్లీ గీశారు. దాని మీద మూతకొకటి చొప్పున నలభై ఒక్క చిన్న గళ్లు. కింద సంతకం. తర్వాత సెలవు చీటీ రాసి, టిఫిన్ డబ్బా తీసుకుని, ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగిపోయారు.

ఐదింటికి కమిటీ అధ్యక్షురాలు షీటు మీదికి వంగింది. "కాలువ లేదని మీ నివేదిక. ఇక్కడ ఉందే?"

గుమ్మంలో మేస్త్రీ బట్టల్లోంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి. ఆవిడ అటు చూసింది, ఆఫీసరు వైపు చూసింది. "మాస్టారేరి?"

"వెళ్లిపోయారమ్మా," అన్నాడు మేస్త్రీ. "గేటు దగ్గర కనబడి చెప్పారు, ఇంక రారట."

ఆఫీసరు చూపు షీటు మీదే ఆగిపోయింది.

"నేనే గీకేశాను మేడమ్. ఆ కాలువ పక్క స్థలం మా బావమరిదిది. కొత్త నిబంధన ప్రకారం కాలువకి తొమ్మిది మీటర్లు వదిలితే, వాడికి మిగిలేది మరుగుదొడ్డికే సరిపోతుంది. ఎవరూ నడిచి చూడరనుకున్నాను. మచ్చ పడకుండా గీకడం మాస్టారే నేర్పారు, తప్పు గీస్తే దిద్దుకోమని. మళ్లీ గీకుతావా అని అడుగుతున్నారు... అదిగో, ఆ గీత మీద, తన బ్లేడు ముక్క నాకోసం పెట్టి వెళ్లారు."