తిత్తి ఎక్కడ మూయాలి

దురాంతె మాస్టారు పిల్లల కోసం అకార్డియన్ పుస్తకం వేస్తున్నారు. వాయించేటప్పుడు దాని గాలితిత్తి ఎక్కడ లాగాలో, ఎక్కడ మూయాలో తెలిపే గుర్తులు కొత్తగా గీసి, స్వరాల మీద పెట్టే పని నాకిచ్చారు. మొదటి పాట, పోల్కా అనే గెంతుల నాట్యం పాట, నచ్చితే మిగతా పదకొండు పాటలూ నావే. ఎనిమిదో తరగతితో చదువు మానేసినదాన్ని, చంటిపిల్లను వదిలి ఫ్యాక్టరీకి పోలేనిదాన్ని. కాస్తెల్‌ఫిదార్దో ఊరంతా వెతికినా ఇంట్లో కూర్చుని చేసే పని నాకింకెవరిస్తారు?

లాగడానికి దూరమయ్యే రెండు గీతలు, మూయడానికి దగ్గరయ్యే రెండు గీతలు గీశాను. అవి బాగానే కుదిరాయి. పెట్టడం దగ్గరే చిక్కొచ్చింది. మధ్యలో గాలి అయిపోతే ఎలాగన్న భయంతో ముప్పై రెండు తాళం గడుల పాటకి గడికొకటి చొప్పున ముప్పై రెండు గుర్తులు పెట్టేశాను.

మా అత్తగారి పేరు అర్మీద. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో తిత్తులు అతికించిన మనిషి. అకార్డియన్ తీసుకుని ఒక వరస వాయించి ఆపేసింది.

"పోల్కా కాదే ఇది, ఉబ్బసం. పిల్లతోనూ ఇంతేగా నువ్వు. చెంచా పెట్టు, మూతి తుడువు, చెంచా పెట్టు, మూతి తుడువు. అది మింగేదెప్పుడు?"

"గాలి చాలకపోతే, అత్తయ్యా?"

"చెరుపు. నే చెప్పినచోటే ఉంచు."

ఆమె వాయిస్తూ పోయింది, నేను చెరుపుతూ పోయాను. ఎనిమిది గడులకొకటి చొప్పున నాలుగు మిగిలాయి.

మర్నాడు మాస్టారు మా వంటింట్లోనే కూర్చుని వాయించారు. మా అత్తగారు గుమ్మం తగలకుండా తల వంచి నడిచే పొడుగు మనిషి. మాస్టారి కాళ్లు కుర్చీలో కూర్చుంటే నేలకందవు. ఆ తేడా నాకప్పుడు తట్టింది. ఐదో గడిలోకి వచ్చేసరికి ఆయన ఎడమచెయ్యి చాపగలిగినంతా చాపేశారు. పాట సన్నగా మూలిగి ఆగిపోయింది.

"ఇక్కణ్ణుంచి ఏం చెయ్యమంటావు నీవెస్? చెయ్యి కిటికీలోంచి బయటికి పెట్టనా?" అని నన్నడిగారు.

"గుర్తు సరిగ్గానే ఉంది మాస్టారూ," అంది మా అత్తగారు. "మీ చెయ్యే పొట్టి."

పదకొండు పాటలూ పోయాయనుకున్నాను. అయినా నోరాగలేదు.

"మీ చెయ్యే పొట్టిదైతే పిల్లలది ఇంకెంత మాస్టారూ? పుస్తకం వాళ్లకేగా. నాలుగు గడులకోసారి గుర్తు మార్చాలి. అత్తయ్య చెయ్యి చూసి పెట్టడం నాదే తప్పు."

మాస్టారు చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి నన్ను చూశారు.

"నా చెవి మీద పెన్సిల్ ఉంది, తీసుకో. పెట్టు."

ఐదో గడి మొదట్లో మూసే గుర్తు పెట్టాను. తొమ్మిదో గడిలో ఉన్నది చెరిపి లాగేది పెట్టాను. అలా పాట చివరిదాకా వెళ్లేసరికి ఎనిమిదయ్యాయి. మళ్లీ మొదటినుంచి సరిచూసుకున్నాను. అప్పటిదాకా ఆయన తిత్తి లాగి పట్టుకునే ఉన్నారు.

"మిగతా పదకొండూ సోమవారం పంపిస్తాను," అన్నారు. "ఇక మూయనిస్తావా, తల్లీ?"