వెనక ఏమీ లేని ఫోటో

కాజీపేట స్టేషన్ రోడ్డులో సుందర్ రావు ఫోటో స్టూడియోలో మనిషి వెనక కట్టే బొమ్మల పరదాలన్నీ ఆయన చెల్లెలు హన్నాయే వేసేది. గులాబీ తోట, పాలరాతి మెట్లు, వెన్నెల చెరువు, ఏది వేసినా చూడముచ్చటగా ఉండేది. ఆమెకు కొరుకుడు పడనిది ఒక్కటే: ఏమీ లేని పరదా.

డెబ్బై తొమ్మిదిలో దరఖాస్తుల ఫోటోలకు గిరాకీ పెరిగింది. వాటికి వెనక అంతా సాదాగా ఉండాలి. హన్నా ముతక గాడాగుడ్డకు సుద్ద, జిగురు కలిపి పూసి, ఆరినాక బూడిదరంగు వేసి, తడి గోనెసంచి ముక్కతో అద్దేది. పాతగోడ లాంటి గరుకుదనం వచ్చేది. కానీ మనిషి దాని ముందు కూర్చోగానే, మనసు ఎక్కడుంటే ఆ చోటు గరుకులోంచి పైకి తేలేది. దరఖాస్తు ఫోటోకు వచ్చిన సాంబయ్య సారు వెనక ఎండిన మిరపచేను వచ్చింది. కోర్టు గుమస్తా వెనక సినిమా టికెట్ల కిటికీ వచ్చింది. వచ్చినవాళ్లు కళ్లు మూతపడ్డ ఫోటోను చూసినట్టు చూసి, ఇంకోటి తీయమనేవాళ్లు. నువ్వు రంగు పలచగా కలిపినవని సుందర్ రావు, నీ లైటే తప్పని హన్నా రోజూ వాదులాడుకునేవాళ్లు.

జూన్ మొదటి వారంలో యాకమ్మ వచ్చింది. ముప్పై దాటని మనిషి, పెనిమిటి పోయి రెండేళ్లు. సుబేదారిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటపనికి ఫారం నింపింది. జీతం, తిండి, ఉండటానికి గది ఇస్తారు. పిల్లలు లేని ఆడమనిషే కావాలన్నారు.

ఆమె కూర్చోగానే పరదా మీద హసన్‌పర్తి చెరువు కట్ట తేలింది. కట్ట ఆ చివర గౌను వేసుకున్న చిన్న పిల్ల నిలబడి ఉంది. ఎవరని హన్నా అడిగితే, ఆరేళ్ల బిడ్డ అనసూయ అనీ, హసన్‌పర్తిలో ఆడబిడ్డ దగ్గర వదిలి వచ్చాననీ, ఫారంలో పిల్లలు లేరని రాయించాననీ యాకమ్మ నేల చూస్తూ చెప్పింది.

ఆ ఫోటోను హాస్టల్ గుమస్తా తిప్పి పంపాడు, వెనక సాదాగా లేదని. హన్నా పరదాకు రెండు పూతలు వేసింది. ఈసారి పిల్ల కట్ట సగందాకా నడిచి వచ్చింది. ఆ ఫోటో కూడా తిరిగొచ్చింది. హన్నా పట్టుబట్టి కొత్త గుడ్డ కట్టింది. సుద్ద మీద రంగు మూడు పూతలు వేసి, అరచేతులు పగిలేదాకా గోనెముక్కతో అద్దింది. యాకమ్మ వచ్చి కూర్చుంది. పిల్ల తల్లి వెనక చేతికందేంత దూరంలో నిలబడింది. ఒక జడ రిబ్బను ఊడి వేలాడుతోంది.

సుందర్ రావు కెమెరా మీది నల్లగుడ్డ విసురుగా లాగి పక్కన పడేశాడు. ఈ పని మనతో కాదు, హన్మకొండ పొమ్మని యాకమ్మకు చెప్పాడు. ఆమె లేవలేదు. ఫారం ఇవ్వడానికి ఆ సాయంత్రమే ఆఖరు.

"అక్కా, నేను గిట్లనే కూసుంట," అంది యాకమ్మ. "పిల్ల మీదికెళ్లి రంగు కొట్టెయ్."

హన్నాకు అప్పటికే ఒళ్లు మండుతోంది. కుంచె ముంచి పిల్ల కాళ్ల మీద, గౌను మీద కొట్టింది. ముఖం మీదికి వచ్చేసరికి పిల్ల గట్టిగా కళ్లు మూసుకుంది. కుంచె దాటిపోయాక గౌను అంచుతో ముఖం తుడుచుకుని మళ్లీ తల్లి జడ వైపే చూసింది.

హన్నా కుంచెను బకెట్లో పడేసింది.

"బొమ్మయితే చెరుపుత. నీ బిడ్డను నేనెట్ల చెరపాలె?"

యాకమ్మ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. సుందర్ రావు ఇంకేం చేయలేక బటన్ నొక్కాడు. గంటలో ప్రింటు వచ్చింది. అందులో పిల్ల చేయి తల్లి భుజం మీద ఉంది.

అదే పట్టుకుని యాకమ్మ సుబేదారి పోయింది. గుమస్తా చూసీ చూడగానే, ఇది మూడోసారి అంటూ ఫారం వెనక్కి తోశాడు. అటుగా పోతున్న వార్డెన్ సావిత్రమ్మ ఆగి దాన్ని తీసుకుంది. పాత ఫోటోలు కూడా అడిగి, మూడింటినీ బల్ల మీద వరసగా పెట్టించింది. దూరంగా ఉన్న పిల్ల, సగం దూరంలో ఉన్న పిల్ల, భుజం పట్టుకున్న పిల్ల. చాలాసేపు చూసింది.

"పేరేంది?"

పిల్లలు లేరనే మాట యాకమ్మ నోటిదాకా వచ్చింది. దాన్ని మింగింది.

"అనసూయ."

సావిత్రమ్మ ఫారంలో 'లేరు' అన్నదాన్ని కొట్టేసి ఆ పేరు రాసింది. రూలు ఒప్పుకోదని గుమస్తా గొణిగాడు. పైవాళ్లకు తానే చెప్పుకుంటానని ఆమె అంది.

"మంచం ఇంకొకటి ఇయ్యలేను. నీ పక్కలనే పండబెట్టుకో. సోమవారం తోలుకరా."

యాకమ్మ సోమవారం దాకా ఆగలేదు. హసన్‌పర్తి బస్సులో జాగా లేక ఫుట్‌బోర్డు మీద నిలబడి పోయింది. పని దొరికిందా అని ఆడబిడ్డ అడుగుతుండగానే పిల్ల బట్టలు దండెం మీద నుంచి ఒక్కొక్కటే తీసి సంచిలో పెట్టుకోసాగింది.