వామి కాడ ఎడమచేతికి

కళ్లకు గంతలు కట్టి వదిలినా నల్లప్ప బళ్లారి నుంచి మద్రాసు దాకా లారీ తోలతాడని తోటి డ్రైవర్లు అనేవాళ్లు. ఆయప్ప కూడా ఆ మాట కాదనేవాడు గాదు. మైలురాళ్లు, మలుపులు, రైలు గేట్లు, టీ అంగళ్లు అన్నీ తలకాయలోనే ఉండేవి. పటం గిటం ఏమీ ఎరగడు. అట్లాంటి మనిషికి సొంత చెల్లెలి ఊరికి దావ తెలీదంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వండి. ఆ పొద్దు మాత్రం ఆయప్పకు నవ్వు రాలేదు.

రాప్తాడులో ఎప్పుడూ ఆగే అంగడి కాడ ఖాళీ లారీ ఆపి టీ తాగుతాంటే, కంబదూరు తట్టు నుంచి వచ్చిన బస్సు కండక్టరు వెతుక్కుంటా వచ్చి చెప్పినాడు. తెల్లవారుజామున అమ్మ పోయిందంట, చెల్లెలు హనుమక్క ఇంట్లోనే. మే నెల ఎండలకు శవాన్ని ఉంచలేరు, పొద్దు మునగకముందే మన్ను చేస్తారంట. బావ మారెప్ప దావ కూడా చెప్పి పంపినాడు. కంబదూరు దాటినాంక రెండు మైళ్లకు రోడ్డు పక్కన పెద్ద వామి ఉంటాది, గొడ్ల మేతకు వేసిన చెనిక్కాయ కట్టె వామి, దాని కాడ ఎడమచేతికి తిరిగితే బండ్ల దావ నేరుగా ఊర్లోకే పోతాది.

అప్పుడు రెండున్నర. నల్లప్ప గ్లాసు ఆడనే పెట్టి లారీ ఎక్కినాడు.

ఎనిమిదేండ్లుగా ఆ ఊరు తొక్కలేదు. చుక్క నీళ్లు లేని ఊరికి చెల్లెల్ని ఇయ్యనని అప్పట్లో మొండికేసినాడు. పెద్దోళ్లు వినకుండా ఇచ్చినారు. ఈయప్ప పెండ్లికే పోలేదు. ఏం పౌరుషమప్పా అది! తర్వాత అమ్మ కూతురి కాడికే పోయి ఉండిపోయింది. కొడుకు రేపు పోదాం, మాపు పోదాం అనుకుంటా ఎనిమిదేండ్లు తోసినాడు. ఇప్పుడు చేతిలో మిగిలింది ఒక్క మధ్యాన్నం.

కంబదూరు దాటేసరికి నాలుగున్నర. మైళ్లు చూపే ముల్లు ఎప్పుడో చచ్చింది గనక అందాజు మీదనే పోతాండాడు. కండ్లు ఎడమపక్కనే ఉండాయి. బీడు చేండ్లు, రాళ్లు, ఎండిన తుమ్మచెట్లు. వామి లేదు. ఒక తావున బండ్ల దావ ఒకటి రోడ్డులో కలుస్తాంది. ఆడ ఎవరో ముసలామె కొంగు నెత్తినేసుకోని చెయ్యి ఊపుతాంది. ఆ యేడు కరువు. గంజి పోసే కేంద్రాలకు పోను ప్రతి మైలుకూ ఎవరో ఒకరు అట్లా చెయ్యి ఊపేవాళ్లు. నల్లప్ప గట్టిగా హారన్ కొట్టి దాటిపోయినాడు.

మూడు మైళ్లయింది, అయిదయింది. వామి లేదు. అడుగుదామంటే మనిషి కనపడడు. కనపడిన రెండు కొట్టాలకూ తలుపులు కట్టేసి ఉండాయి. చివరికి తుమ్మచెట్టు నీడన గొర్రెలు తోలుకోని కూర్చున్న ముసలాయన దొరికినాడు. మారెప్ప ఊరి వామి యాడుందని అడిగితే ఆయన నల్లప్పను పిచ్చోన్ని చూసినట్టు చూసినాడు.

"ఈ యేడు వామి యాడ చూస్తావప్పా?" అన్నాడు. "అన్నీ ఎనుములు తినేసినాయి. ఎనక్కి పో, ఆరు మైళ్లు. బండ్ల దావ ఉంటాది."

బండ్ల దావ. ఇందాక హారన్ కొట్టి దాటొచ్చిన దావే. లారీ తిప్పబోతే ఎనక చక్రం ఇసకలో దిగింది. ముసలాయన రాళ్లు తెచ్చి వేస్తే, నల్లప్ప చేతుల్తో ఇసక తోడినాడు, గోర్లు చీరుకుపోయినాయి. లారీ రోడ్డెక్కేసరికి పొద్దు గుట్ట మీద మూరెడు ఎత్తున ఉండాది. దేవుడా, ఒక్క అరగంట ఇయ్యి అనుకుంటా తోలినాడు.

చెయ్యి ఊపిన ఆయమ్మ ఇంకా బండ్ల దావ కాడనే ఉండాది. ఈసారి రోడ్డు మధ్యకొచ్చి రెండు చేతులూ చాపి నిలబడింది. నల్లప్ప బ్రేకు తొక్కినాడు. దగ్గరికొచ్చి "దిగొద్దు అన్నా, దావలోకి తిప్పు" అన్నాకగానీ హనుమక్కేనని తెలీలేదు.

ఎక్కి కూర్చోని, ఎగపోసుకుంటానే చెప్పింది. వామి కరిగిపోయి నెలయింది. మారెప్ప నోటికి అలవాటైన గుర్తు చెప్పి బస్సును పంపించేసినాడు. ఇంటికొచ్చి ఆ మాట అంటే ఈమె తల కొట్టుకోని, అమ్మ శవాన్ని వదిలి, వామి ఉన్న తావుకు పరిగెత్తుకొచ్చింది. పొద్దున్నుంచి ఎండలో ఆడనే. అన్న వచ్చేదాకా మన్ను ఎయ్యొద్దని చెప్పొచ్చిందంట. ఇంటారో లేదో తెలీదంట. వాళ్లు వినకపోతే చెల్లెలికి గూడా ఆఖరి చూపు లేదని నల్లప్పకు అప్పుడు అర్థమయింది.

నల్లప్ప బండ్ల దావలో గుంతలు తప్పించుకుంటా తోలినాడు.

"ఇందాక పోయింది ఈ లారీనే గదా. నన్ను చూడలేదాన్నా?"

అబద్ధమాడొచ్చు. నోరు రాలేదు.

"చూసినా. ఎవరో ముసలామె అనుకున్నా."

ఆయమ్మకు ముప్పై గూడా నిండలేదు. కొంగు సర్దుకోని, దావను చూస్తా అన్నది, "అమ్మ గూడా అనేది. నన్ను చూస్తే తన్ను చూసుకున్నట్టుందని."

ఊరి బయట గుంత చుట్టూ జనం నిలబడుకోని ఉండారు. పొద్దు సగం మునిగింది. పార పట్టుకున్న ఊరి పెద్దాయన సుబ్బన్న ఇంత ఆలస్యమేందని నాలుగు తిట్టి, శవం పక్కన కూర్చోని ముఖం మీది గుడ్డ తీసినాడు. నల్లప్ప వంగి చూసినాడు. ఇందాక రోడ్డు పక్కన చెయ్యి ఊపిన ముఖమే. హారన్ కొట్టి తాను దాటిపోయిన ముఖమే.

అప్పుడు ఏడ్చినాడు, అందరి ముందరా. హనుమక్క చెయ్యి పట్టుకోని పిడికెడు మన్ను ఇద్దరూ కలిసి ఏసినారు. అంతా అయి జనం వెనక్కి మళ్లినాంక గూడా ఆ చెయ్యి వదల్లేదు.