బర్గరొకటి, దోర!

మధ్యాహ్నం పన్నెండయిందంటే ఆ హోటల్లో పెనం మీద పొగ, హాల్లో గోల, మూల బల్ల దగ్గర టైలరమ్మ. పొగా గోలా ఒక్కోరోజు ఆలస్యమయ్యేవేమో గానీ టైలరమ్మ మాత్రం ఠంచనుగా వచ్చేది. ఆవిడ పోయి ఏడేళ్లు. బతికున్నప్పుడు ఎలా వచ్చేదో అలాగే, మెడలో కొలతల టేపుతో, భుజం దగ్గర గుచ్చుకున్న రెండు గుండుసూదులతో వచ్చి కూర్చునేది. వడ్డించే పిల్ల ఆవిడ ముందు గ్లాసుడు మంచినీళ్లు పెట్టి తన పని చూసుకునేది.

ఎవరు అడిగిన బర్గరైనా ముందు ఆ బల్ల దగ్గరికే వెళ్లాలి. టైలరమ్మ రెండు వేళ్లతో బన్ను ఎత్తి, మాంసం బిళ్ళని కాస్త విరిచి, లోపల రంగు చూసి మూసేసేది. అప్పుడది అడిగినవాళ్లకి చేరేది. బస్సు అందుకోవాల్సినవాళ్లు కూడా "చూడనివ్వండి, ఆవిడ చూస్తేనే మాకు ధైర్యం" అనేవాళ్లు.

లోపల పెనం దగ్గరుండే మనిషిని అందరూ మాడు బాబాయి అంటారు. ఆయన చేతిలో పడ్డ బర్గరు మాడాల్సిందే, ఇంక దానికి వేరే గతి లేదు. మొహం కూడా అదే వరస. ఎందుకలా మాడుస్తాడో ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. నాకు తెలుసు, మీ దగ్గర దాచడమెందుకు, చెప్పేస్తాను.

ఆ వంటింట్లో స్టేక్‌కి, అంటే పెనం మీద కాల్చే మందపాటి మాంసం ముక్కకి, మూడు కేకలు. "పచ్చి" అంటే పెనం మీద అలా వేసి ఇలా తీసెయ్యాలి. "దోర" అంటే లోపల ఎర్రగా ఉండగానే దించాలి. "బాగా" అంటే సంగతి తెలిసిందే. బర్గరుకి ఈ గొడవేం లేదు, మాంసం ఎప్పుడూ లోపలిదాకా కాలాల్సిందే. దానికి "దోర" అని కేకేస్తే బన్ను దోరగా కాల్చమని అర్థం. బాబాయి అప్పట్లో స్టేక్ పెనం మీద పేరుమోసిన చెయ్యి. ఏడేళ్ల కిందట బర్గర్లు చేసేవాడు రాని ఒకరోజు ఆ పెనం దగ్గర కూడా ఆయనే నిలబడ్డాడు. "బర్గరొకటి, దోర!" అని కేక వినపడింది. అలవాటైన చెయ్యి, మాంసాన్ని దోరగా దించేసింది. ప్లేటు వెళ్లిపోయాక గానీ ఆయనకి వెలగలేదు. పరిగెత్తి ఆపొచ్చు. సిగ్గేసి ఆపలేదు. అది అడిగిన టైలరమ్మ తినేసి "ఇవాళ భలే మెత్తగా ఉందే" అని మెచ్చుకుని మరీ వెళ్లింది. ఆ రాత్రే కడుపునొప్పి మొదలై, తొమ్మిదో రోజుకి మనిషి లేదు.

ఊరు ఊరంతా మాంసం కొట్టతని మీద పడింది, పాడైన మాంసం అమ్మాడని. అతను తలుపులేసుకుని పెళ్లాంపిల్లల్తో ఎటో వెళ్లిపోయాడు. బాబాయి నోరు మెదపలేదు. ఉడికీ ఉడకని మాట కడుపులో పెట్టుకుని, అప్పట్నుంచి అన్నీ మాడుస్తూ వచ్చాడు.

అలా నడుస్తుంటే ఒకరోజు హోటలావిడ వంటింట్లోకి వచ్చింది.

"బాబాయ్, ఎదురు హోటల్లో జనం బారులు తీరుతున్నారు చూశావా? బర్గరు లోపల గులాబీ రంగులో ఉంటుందట, రసం కారుతుందట. మనవి నమిల్తే దవడలు పీకుతున్నాయంటున్నారు. సోమవారం నుంచి మనమూ అలాగే ఇద్దాం."

"స్టేక్ కావాలంటే పచ్చిగానే ఇస్తానమ్మా. అది ఒకటే ముక్క, ఏ పాడైనా పైపైనే ఉంటుంది, పెనం తగిలితే చస్తుంది. బర్గరు ఖీమా కదా. కొట్టేటప్పుడు పైనున్నదంతా లోపలికి పోతుంది."

"ఎదురు హోటల్లో తిన్నవాళ్లెవరన్నా పోయారా?"

బాబాయికి గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. వెనక్కి తిరిగి పెనం గీకసాగాడు.

"నీకు కుదరదంటే చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటాను" అని ఆవిడ వెళ్లిపోయింది. అప్పుడన్నా నిజం చెప్పొచ్చు కదా, పెద్దమనిషి! చెప్పలేదు.

సోమవారం బాబాయి దించిన గులాబీ బర్గరు మూల బల్లకి చేరింది. టైలరమ్మ బన్ను ఎత్తి చూసింది. మూయలేదు. ఏడేళ్లలో గుక్కెడు నీళ్లు ముట్టని మనిషి, దాన్ని రెండు చేతుల్తో తీసుకుని ఆసాంతం తినేసింది.

"ఆకలేసినట్టుంది పాపం, మాకు ఇంకోటి వెయ్యండి" అన్నారు అడిగినవాళ్లు. అదీ తినేసింది. లోపల ఎరుపు కనిపించిన ప్రతి ప్లేటూ అంతే, ఒక్కటి కూడా అవతలికి పోనివ్వలేదు. తింటూ తింటూ కడుపు పట్టుకుంది. మంగళవారానికి పెదాలు తెల్లబడ్డాయి. బుధవారం మూడు కుర్చీలు కలిపి వాటి మీద ముడుచుకుని పడుకుంది, అయినా చెయ్యి మాత్రం ప్లేటు కోసం చాస్తూనే ఉంది. వడ్డించే పిల్ల బకెట్టు తెచ్చి పక్కన పెట్టింది. బాబాయి వంటింటి కిటికీ దగ్గర నిలబడిపోయాడు. ఆ తొమ్మిది రోజులూ ఆవిడ ఎంత బాధ పడిందో ఆయన అప్పుడు చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాడు.

వడ్డించే పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. రెండు వీధులవతల బట్టలు కుడుతున్న టైలరమ్మ కూతురికి కబురు చెప్పేసింది. తల్లి అక్కడికి వస్తుందని ఆ అమ్మాయికి తెలుసు, కానీ ఆ గుమ్మం తొక్కడానికి మనసొప్పక ఏడేళ్లూ రాలేదు. ఇప్పుడు పరిగెత్తుకొచ్చి తల్లి తల ఒళ్లో పెట్టుకుంది.

"మళ్లీ ఏమైందమ్మా నీకు? ఆ మాంసం కొట్టువాడు మళ్లీ వచ్చాడా? వాడి చేతులు పడిపోను!"

ఆ తిట్టు వంటింటిదాకా వినిపించింది. బాబాయి అట్లకాడ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"అతన్ని తిట్టకమ్మా. మాంసం మంచిదే. కాల్చింది నేను. దోర అన్నది బన్నుకి, నేను మాంసాన్ని దించేశాను. ప్లేటు వెళ్లిన వెంటనే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను."

హాల్లో గోల ఆగిపోయింది. హోటలావిడ లేచి నిలబడింది.

"ఏడేళ్లా?" అంది కూతురు.

"అవునమ్మా."

"ఆ మాంసం కొట్టతని గుమ్మంలో మట్టి పోశాను నేను. వాళ్ల పిల్లలు చూస్తుండగా పోశాను."

అంతకుముందే అడిగిన గులాబీ బర్గరొకటి అప్పుడే బల్ల మీదికి వచ్చింది. టైలరమ్మ చెయ్యి లేచింది. బాబాయి ఆ ప్లేటు అందుకుని, నిలబడే తినడం మొదలుపెట్టాడు.

"బాబాయ్! పిచ్చెక్కిందా నీకు?" హోటలావిడ అరిచింది.

ఆయన ఆగలేదు. ఏడుస్తూ తిన్నాడు, బన్ను తునక కూడా వదల్లేదు. టైలరమ్మ చెయ్యి మెల్లగా దించుకుని లేచి కూర్చుంది. కూతురు భుజం పట్టుకుని గుమ్మందాకా నడిచి వెళ్లింది. హోటలావిడ బోర్డు మీద రాసిన కొత్త బర్గరు పేరు తన కొంగుతోనే తుడిచేసింది.

సాయంత్రానికి బాబాయి ఆసుపత్రిలో పడ్డాడు. పరీక్షల్లో ఏమీ తేలలేదు, నొప్పి మాత్రం పేగులు మెలిపెట్టేసేది. ఆయన రోజులు లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిదో రోజు పొద్దున ఇక చాలు, పోతాను అనుకుని కళ్లు మూసుకున్నాడు. మంచం పట్టీ మీద ఎవరో కూర్చున్నారు. కడుపు మీద చల్లటి చెయ్యి పడింది. కళ్లు తెరిచేసరికి టైలరమ్మ ఆయన్నే చూస్తోంది. కోపంగా లేదు, ప్రేమగానూ లేదు. కాసేపు అలాగే ఉండి లేచి వెళ్లిపోయింది. నొప్పి కూడా పోయింది. బతికినందుకు బాబాయికి భయమేసింది.

కాసేపటికి కూతురు వచ్చింది.

"అమ్మ వచ్చిందా?"

"వచ్చి వెళ్లింది."

"క్షమించానందా?"

"ఏమీ అనలేదమ్మా. నువ్వన్నా ఒక మాట అను."

"నన్నడిగితే ఎలా? నేనే ఒకళ్లని అడగాలి." ఆ అమ్మాయి మంచం కిందున్న చెప్పులు ఆయన ముందుకు జరిపింది. "మాంసం కొట్టతను ఎక్కడున్నాడో వాకబు చేశాను. నాలుగ్గంటల దారి. బస్సు కాసేపట్లో ఉంది, లే."

బాబాయి మంచం పట్టీ గట్టిగా పట్టుకున్నాడు.

"అతను బతికే ఉన్నాడా అమ్మా?"

"బతికే ఉన్నాడు. అందుకే లెమ్మంటున్నాను."