తెలిసినా చెప్పొద్దు

ఆదివారం పొద్దున పాత పెండ్లి పత్రికలు ముందేసుకుని కత్తెరతో ముక్కలు చేస్తుంటే, మా ఆయన నవీన్‌కుమార్ ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నాడు. "నీకేం యాదుంటదని లైన్ ఇన్‌చార్జి చేస్తరట? బ్యాచ్ నంబర్లు తారుమారు చేస్తవ్, ఇజ్జత్ పోతది. రేపు వద్దని చెప్పు."

పోయేది ఎవరి ఇజ్జతో చెప్పలేదు. ఇంట్లో ఇజ్జత్ అంటే ఆయనదే అని లెక్క.

సుల్తాన్‌పూర్‌లో సెలైన్ గొట్టాలు తయారుచేసే కంపెనీలో ఆరేళ్ళుగా నాది చూసే పని. తెల్లని దీపం కింద ఒక్కో ప్యాకెట్ తిప్పి చూడాలి. లోపల వెంట్రుక ఉందా, చుక్క ఉందా, అంచు అతుకు ఎక్కడైనా విడిందా. గోరు గీసినంత గీత కనిపించినా ఎర్ర డబ్బాలో వెయ్యాలి. శుక్రవారం మా సూపర్‌వైజర్ కృష్ణప్రియ మేడం పిలిచి, "రవళీ, నిన్ను లైన్ ఇన్‌చార్జిగా పెడ్దామనుకుంటున్నం. పొద్దున ఏడింటి కల్లా లైన్ మీద ఉండాలె. ఇంట్ల అడిగి సోమవారం లంచ్ లోపల చెప్పు," అంది. పక్క లైన్లో సందీప్‌ను ఇన్‌చార్జి చేసినప్పుడు వాళ్ళావిడను అడిగి రమ్మన్నట్టు నేనైతే వినలేదు.

ఏడింటికి లైన్ మీద ఉండాలంటే ఆరుంబావుకే బీరంగూడలో బస్సెక్కాలి. అసలు అభ్యంతరం అక్కడుంది. నేను ఆరింటికే గడప దాటితే ఈయన డబ్బా ఈయన సర్దుకోవాలి, పిల్ల జడ ఎవరో ఒకరు వెయ్యాలి. ఆ మాట నోటితో అనడానికి మొహం చెల్లక నా జ్ఞాపకశక్తి మీద పడ్డాడు. దానికి ఆయన దగ్గర సాక్ష్యం కూడా ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆయన మేనమామలు భోజనానికి వచ్చిన రోజు పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. ఎనిమిదేళ్ళయింది. ఈ ఇంటి గురించి ఆయనకు గుర్తున్న ఒకే ఒక్క విషయం ఆ ఉప్పు. తన కూతురు ఏ సెక్షనో తెలియదు, తల్లి బీపీ మాత్ర ఏ రంగుదో తెలియదు, తన షిఫ్టు ఏ వారం మారుతుందో కూడా నేనే చెప్పాలి. గ్యాస్ ఎప్పుడు బుక్ చేశామో, పిల్లకు ఏ మందు పడదో, అత్తమ్మ కళ్ళద్దాలు ఎక్కడ పెట్టి మర్చిపోయిందో, అన్నీ నా తలలోనే ఉంటాయి, అయినా ఆ తలకే ఏమీ యాదుండదట. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఆ మాట విని విని నేనూ నమ్మాను. శుక్రవారం మేడం ముందు నా నోట మొదట వచ్చింది, "నాకు గుర్తుంటయో ఉండవో మేడం," అనే.

పత్రికలు కోస్తున్నది మా నిషిత కోసం. ఒకటో తరగతి. జతలు కలిపే ఆట కార్డులు ఇంట్లో చేసుకుని రమ్మంది వాళ్ళ టీచర్. పన్నెండు బొమ్మలు, ఒక్కోటి రెండేసి, మొత్తం ఇరవై నాలుగు కార్డులు. గట్టి అట్ట కావాలంటే ఇంట్లో పెండ్లి పత్రికలకు మించింది ఏముంది? మా అత్తమ్మ దేవమ్మ ఒక్కటీ పారెయ్యదు. "పసుపు పెట్టినయి కొయ్యొద్దే, మంచిది కాదు," అని కాసేపు గొణిగి, మనవరాలు గడ్డం పట్టుకుంటే ఊరుకుంది.

కానీ ఆ పసుపుతోనే చిక్కొచ్చింది. మూలన పసుపు అంటిన ముక్క బోర్లా వేసినా ఇట్టే తెలిసిపోతుంది. ఈ ఆటలో వెనకవైపు అన్నీ ఒక్కలాగే ఉండాలి, లేకపోతే ఆటే లేదు. అందుకని స్కూలు పుస్తకాలకు వేసే బ్రౌన్ పేపరు మిగిలితే అన్నిటి వెనకా అంటించాను. ముందువైపు నిషిత బొమ్మలు గీసింది. బస్సు, తాళంచెవి, చేప, గొడుగు, బుట్ట, చందమామ, అట్లా పన్నెండు. మధ్యాహ్నం దాకా ఆరబెట్టాం.

భోజనాలయ్యాక నిషిత కార్డులు కలిపి, నేల మీద ఆరు చొప్పున నాలుగు వరసల్లో బోర్లా పేర్చింది. "డాడీ, రా ఆడుదాం," అంది. నన్ను పిలవలేదు. పిల్లను ఏమనను? అంట్లు తోముతున్న మనిషిని ఆటకు పిలవొచ్చని దానికి ఎవరు నేర్పారు?

"ఒక్కసారికి రెండే తిప్పాలె," అని తండ్రికి రూల్స్ చెప్పింది. "తిప్పినయి అందరికి సూపియ్యాలె. ఒక్కలాంటియి వస్తే నీయే, మళ్ళ నువ్వే తిప్పాలె. రాకపోతే ఏడున్నయో ఆడనే బోర్ల పెట్టాలె. జరపొద్దు. ఆఖరికి ఎవరికి ఎక్కువ జతలుంటే వాళ్ళు గెల్సినట్టు. ఇంకోటి, ఏది ఏడుందో తెలిసినా చెప్పొద్దు."

"గింతేనా? మా ఖాందాన్ల అందరికి మెమరీ పవర్ ఎక్కువ, సూడు," అన్నాడు ఆయన.

పది నిమిషాల్లో ఆ ఖాందాన్ పరువు నేల మీద పరిచినట్టయింది. ఇప్పుడే చూసిన గొడుగు కోసం అటు చివర తిప్పుతాడు, అక్కడ చేప. చేప కోసం మధ్యలో తిప్పుతాడు, అక్కడ బుట్ట. పిల్ల మాత్రం పెదవి కొరుక్కుంటూ, కార్డు మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆలోచించి తిప్పుతుంది. దానికి ఐదు జతలు. ఆయనకు ఒకటి, అదీ పక్కపక్కనే ఉన్నందుకు.

నేను మంచినీళ్ళకని, పల్లీలకని, టీకని వంటింటికీ హాల్లోకీ తిరుగుతూనే ఉన్నాను. టీ గ్లాసు కింద పెట్టడానికి వంగినప్పుడు కనపడింది, రెండో వరసలో ఒక కార్డు మూలన సన్నని గీత. బ్రౌన్ పేపరు మీద గోరు గీస్తే పడే తెల్ల గీత. ఇంకో వరసలో ఇంకోటి, రెండు గీతలు. పొద్దున అంటించినప్పుడు లేవు. ఆరేళ్ళుగా జీతం తీసుకుని నేను చేసే పని అదేగా, నా కళ్ళను మోసం చెయ్యాలంటే గోరు చాలదు. ఆయన బొటనవేలి వైపు చూశాను. కార్డు తిరిగి బోర్లా పెడుతూ మూల నొక్కుతున్నాడు.

ఆరేళ్ళ పిల్ల మీద గెలవడానికి. నాకు కోపం రాలేదు. కోపం రావాలంటే అవతల మనిషి కాస్త ఎత్తులో ఉండాలి. నాకు అసహ్యం వేసింది.

ఇంతకీ తమాషా ఏమిటంటే, దొంగాట ఆడటానికి కూడా కాస్త జ్ఞాపకం కావాలి. ఒక గీత బస్సుకు పెట్టాడో తాళంచెవికి పెట్టాడో ఆయనకే గుర్తులేదు. ఒక్క గీతే ఉన్న రెండు కార్డులు తిప్పాడు. బస్సు, చందమామ. మొహం మాడ్చుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, తువ్వాలు ఏదని అడిగే గొంతుతోనే అడిగాడు. "ఇంకో బస్సు ఏడుంది?"

ఏడుందో నాకు తెలుసు. ఆఖరి వరసలో, ఆట చూస్తూ కూర్చున్న అత్తమ్మ మోకాలి పక్కన. ఆ క్షణంలోనే ఇంకోటి కూడా తెలిసింది. ఆటలో కూర్చోకుండానే బోర్లా ఉన్న కార్డులన్నీ నాకు కనపడుతున్నాయి.

"చెప్పరాదే, మొగోడు అడుగుతుండు," అంది అత్తమ్మ.

"అమ్మా, చెప్పొద్దు! తెలిసినా చెప్పొద్దు, రూల్!" అని అరిచింది నిషిత.

"చెప్పను బిడ్డా," అన్నాను. "ముందు కార్డుల మీద గోరుతోని గీతలెవరు పెట్టిన్రో మీ డాడీని అడుగు."

పిల్ల వంగి ఒక్కో కార్డు మూలలు చూసింది. "డాడీ, నువ్వు చీటింగ్ చేసినవా?"

"పిల్లతోని ఆడుకుంటే చీటింగేందే," అని నవ్వేసింది అత్తమ్మ. మా ఆయన నవ్వలేదు. "మీ అమ్మకు తప్పులు తప్ప ఏం కనవడ్తయ్? చిన్నపిల్లలాట, దీనికింత లొల్లి," అని లేచి మంచం మీదికి పోయి ఫోను తీశాడు.

నిషిత కళ్ళలో నీళ్ళు. ఓడిపోతే ఏడ్చే పిల్ల కాదది. గెలుస్తున్న ఆట మధ్యలో తండ్రి లేచిపోయాడని ఏడుస్తోంది. చేతులు కొంగుకు తుడుచుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. "నేనాడనా?"

"నువ్వే ఫస్ట్ తిప్పు," అంది. మిగిలినవి పన్నెండు కార్డులు. నేను బస్సు తిప్పాను, అత్తమ్మ మోకాలి పక్కది తిప్పాను. బస్సు. తాళంచెవి, తాళంచెవి. చందమామ, చందమామ. ఇక ఆగలేదు. ఆరు జతలూ ఒకే వరసన తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పిల్ల ఏడుపు మరిచి నోరు తెరిచింది.

"అమ్మా, నువ్వు వంటింట్ల ఉన్నవు గదా! ఎట్ల యాదున్నయ్?"

"గుడ్డి లక్కు," అంది మంచం మీది గొంతు.

ఆరుసార్లు వరసగా లక్కు! పప్పులో ఒక్కసారి ఉప్పు లేకపోతే మాత్రం అది నా బుర్ర. నాకు నవ్వొచ్చింది, పైకే నవ్వాను. ఎనిమిదేళ్ళుగా నేను భయపడ్డది ఈ మనిషి అంచనాకా? సొంతంగా పెట్టుకున్న గుర్తులు కూడా గుర్తుంచుకోలేని వాడు నాకు జ్ఞాపకం లేదని తేల్చాడు, నేను తలూపాను. ఆ తలూపినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

గీతలు పడ్డ కార్డులకు పేపరు ఊడదీసి కొత్తది అంటించాను. పిల్ల ఆ కార్డులను తన బ్యాగులో పెట్టుకుంది, తండ్రి చేతికి అందకుండా.

సోమవారం నేను మామూలు వేళకే డ్యూటీకి వెళ్ళాను. మా ఆయనది ఆ వారం మధ్యాహ్నం షిఫ్టు, కంపెనీ బస్సు ఒంటిగంటకు. పన్నెండున్నరకు క్యాంటీన్లో కృష్ణప్రియ మేడం నా ఎదురుగా కాగితం పెట్టి, "ఇంట్ల అడిగినవా?" అంది.

"అడగలేదు మేడం. సంతకం ఎక్కడ పెట్టాలె?"

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి పెన్ను ఇచ్చింది. పేరు పూర్తిగా రాశాను. అప్పుడే ఫోను మోగింది. మా ఆయన.

"నా గేట్ కార్డు ఏడ పెట్టినవ్? బస్సు టైం అయితుంది, జల్దీ చెప్పు."

కార్డు లేకపోతే వాళ్ళ కంపెనీలో గేటు దాటనివ్వరు. శనివారం డ్యూటీ నుంచి రాగానే మెడలోంచి తీసి టీవీ పక్కన ఖాళీ చెప్పుల డబ్బా మీద పడేశాడు, దాని మీద పేపరు పడేశాడు. నీలం తాడు చివర కాస్త బయటికి వేలాడుతూ ఉంటుంది. వంటింట్లో నిలబడి చూసిన ఆ తాడు ఇక్కడ క్యాంటీన్లో కూర్చున్నా కళ్ళకు కట్టినట్టు కనపడుతోంది.

"నాకేం యాదుంటది?" అన్నాను.