పప్పుకట్టు కలిసిన గంజి

కోడలు గంజి మొదలుపెట్టిన నాటి నుంచి ఎస్తేరమ్మకు ఒళ్లంతా ఒకటే మంట. ఏం తక్కువైందని? కొడుకు జోయల్ ఆత్మకూరు డిపోలో కండక్టరు, కోడలు సుకుమారి సీతారామపురం బళ్లో టీచరు. అలాంటి ఇంట్లో మూడు పూటలా నూకల గంజి, ఉప్పు. అంతే. నలభై రోజులు అదే తాగుతానని సుకుమారి చర్చిలో అందరి ముందూ లేచి చెప్పింది. లోకంలో ఎన్నో దేశాల్లో ఆ గంజి కూడా దొరకనివాళ్లు ఉన్నారని, వంటకు బియ్యం పోసుకునేటప్పుడు వాళ్ల పేరు మీద ఇంటికో పిడికెడు తీసిపెట్టమని అడిగింది.

ఎస్తేరమ్మ ఆకలి ఎరుగని మనిషేం కాదు. ఆ సంగతి కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. అన్నం లేని ఇంట పుట్టిందని తెలిస్తే ఊళ్లో తల ఎలా ఎత్తుకునేది? ఇన్నేళ్లు గుట్టుగా దాచుకుంటే, ఈ పిల్ల వచ్చి గంజిగిన్నెను వీధిన పెట్టింది.

ఊరు ఊరుకుంటుందా! టీచరమ్మకు జీతం రాలేదేమోనని ఒకరు, అత్త కడుపు మాడుస్తోందేమోనని ఇంకొకరు. టీ అంగడి వరప్రసాదమైతే, ఒళ్లు తగ్గడానికి ఇదో కొత్త పద్ధతని తేల్చేశాడు. పిడికెళ్లు మాత్రం నాలుగిళ్ల నుంచి కూడా రాలేదు. సుకుమారి అన్నీ విని నవ్వేసి బడికి పోయేది, సాయంత్రం దాకా నిలబడి పాఠాలు చెప్పేది.

ఇరవై తొమ్మిదో రోజున కోడలి జాకెట్టు భుజం మీద నిలవక జారుతుంటే ఎస్తేరమ్మ చూడలేకపోయింది. కందిపప్పు ఉడికిన కట్టు రెండు గరిటెలు గంజిలో కలిపేసింది. ఉప్పు కాస్త ఎక్కువేస్తే తెలియదులే అనుకుంది.

సుకుమారి ఒక్క గుక్క తాగి అత్త వైపు చూసింది. పారబోయలేదు, గిన్నె ఖాళీ చేసింది. మూతి తుడుచుకుని, రేపు మళ్లీ ఒకటో రోజని చెప్పింది.

"నీకేమన్నా పిచ్చా? ఎవురు చూసినారు?" అంది ఎస్తేరమ్మ.

"ఎవురూ చూళ్లేదత్తా. తిండి లేనోళ్లకి పప్పుకట్టు ఎవురు కలిపిస్తారు చెప్పు?"

కోపం లేదు, దెప్పు లేదు. అన్ని రోజుల కష్టం గంగలో కలిసినా ఆ మొహంలో విసుగన్నదే లేదు. అబ్బ, ఏం మనిషి! తాను కడుపు మాడి నేర్చుకున్నది దాచుకోవడం. ఈ పిల్లేమో కడుపునిండా తినగలిగీ, ఎక్కడో ఉన్న ఎవరికోసమో మాడుతోంది. ఎస్తేరమ్మకు కోడలి మీద ఎన్నడూ లేని గౌరవం కలిగింది, తన మీద సిగ్గేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సుకుమారి లేచి, మధ్యలో తప్పిందని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టానని చెప్పింది. అత్త పేరు ఎత్తలేదు. వెనక వరసలో వరప్రసాదం కిసుక్కున నవ్వాడు.

ఎస్తేరమ్మ లేచి నిలబడింది.

"కట్టు కలిపింది నేను. ఆ పిల్లను చూసి నవ్వబాకండి. నా తమ్ముడు జొరంతో పోయినాడని మీకందరికీ చెప్పినాను. జొరం కాదు. మూడు దినాలు మా ఇంట్లో పొయ్యి ఎలిగించలా. గంజి అడిగి అడిగి పోయినాడు."

జోయల్ తల్లి మొహం వంకే చూస్తుండిపోయాడు. సుకుమారి దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, ఆ తమ్ముడి పేరేమిటని అడిగింది.

"పిచ్చయ్య," అంది ఎస్తేరమ్మ. ఇన్నేళ్లకు ఆ పేరు పైకి పలికి, అందరి ముందూ ఏడ్చింది.